రాయి దొరికింది సరే, క్లోమం కనబడిందా?

కడుపు స్కాన్ రిపోర్టు చేతికి రాగానే అందరి చూపూ అడుగున లావు అక్షరాల్లో ఉండే ఒకటి రెండు వాక్యాల మీదికే పోతుంది. ‘పిత్తాశయంలో రాళ్లు’ అని ఉంటుంది. అది చదివి కాగితం మడిచి కవర్లో పెట్టేస్తారు. ఇరవై రెండేళ్లుగా అల్ట్రాసౌండ్ గదిలో కూర్చుని ఆ రిపోర్టులు రాస్తున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఆ కవరు ఒకసారి మళ్లీ తెరవండి. లావు అక్షరాలకు పైన, కాలేయం గురించి, మూత్రపిండాల గురించి రాసిన వరసల మధ్య క్లోమం (ప్యాంక్రియాస్) గురించి ఒక చిన్న వాక్యం ఉంటుంది. దాన్ని ఎలా చదవాలో, చదివాక ఏమి చేయాలో, ఏమి చేయనక్కరలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

దీని వెనక నా పొరపాటు ఒకటి ఉంది. చాలా ఏళ్ల కిందట యాభై ఎనిమిదేళ్ల ఆయన ఒకరు స్కాన్‌కు వచ్చారు. రెండు నెలలుగా పొట్ట పైభాగంలో నొప్పి. బల్ల మీద పడుకుంటూ, బెల్టుకు కొత్తగా రెండు రంధ్రాలు పొడిపించుకోవలసి వచ్చిందని నవ్వుతూ చెప్పారు. నేనూ నవ్వాను. పిత్తాశయంలో మూడు రాళ్లు కనిపించాయి, పెద్దది 9 మిల్లీమీటర్లు. క్లోమం తల దగ్గర పేగుల్లోని గాలి అడ్డం పడింది. ‘అబ్‌స్క్యూర్డ్’ అని ఒక మాట రాసి తరవాతి వారిని పిలిచాను. ఆయనకు పిత్తాశయం తీసేశారు. నొప్పి తగ్గలేదు. అయిదు నెలల తరవాత అదే బల్ల మీదికి పచ్చబడ్డ కళ్లతో వచ్చారు. క్లోమం తలలో 3 సెంటీమీటర్ల కణితి. మొదటిసారి వచ్చినప్పుడే అది అక్కడ ఉందా అంటే ఖాయంగా చెప్పలేను. నేను వెతకలేదన్నది మాత్రం ఖాయం. వెతుకుతున్నది దొరకగానే కన్ను పని మానేస్తుంది. మా వృత్తిలో ఈ జబ్బుకు ఒక పేరు కూడా ఉంది, పాఠాలు కూడా చెబుతారు. అయినా జరుగుతూనే ఉంటుంది.

ముందుగా ఈ రెండు అవయవాల చుట్టరికం తెలియాలి. కాలేయం రోజుకు సుమారు ముప్పావు లీటరు పైత్యరసం తయారు చేస్తుంది. అందులో కొంత పిత్తాశయంలోకి వెళ్లి చిక్కబడి, తిన్నప్పుడు బయటికి వస్తుంది. ఈ సంచిలో పట్టేది 30 నుంచి 50 మిల్లీలీటర్లే. పైత్యరసాన్ని పేగుకు చేర్చే గొట్టం దారిలో క్లోమం తలలోంచి దూరి వెళుతుంది. క్లోమం నుంచి వచ్చే గొట్టం అక్కడే దాన్ని కలుసుకుంటుంది. చాలామందిలో ఈ రెండూ చిన్నపేగు మొదటి భాగంలోకి ఒకే రంధ్రం గుండా తెరుచుకుంటాయి. రెండిళ్లకూ ఒకటే వాకిలన్నమాట. పిత్తాశయం నుంచి జారిన రాయి ఆ వాకిట్లో ఇరుక్కుంటే క్లోమం వాచిపోతుంది. క్లోమం తలలో గడ్డ పెరిగితే పైత్యరసం వెనక్కి నిలిచిపోతుంది, పిత్తాశయం ఉబ్బుతుంది, లోపల మడ్డి పేరుకుంటుంది. అప్పుడు తప్పు క్లోమానిది, నింద పిత్తాశయానిది.

ఇక అందరూ అడిగే ప్రశ్న. పిత్తాశయంలో రాళ్లుంటే క్లోమ క్యాన్సర్ వస్తుందా?

రాయి క్యాన్సర్‌గా మారదు. ఎన్నో దేశాల్లో పెద్దవాళ్లలో నూటికి పదిమంది నుంచి పదిహేనుమందికి ఈ రాళ్లు ఉంటాయి, వారిలో ఎక్కువమందిని అవి జీవితాంతం బాధించవు. క్లోమ క్యాన్సర్ దానితో పోలిస్తే చాలా అరుదు. రాళ్లున్నవారిలో అది కొంచెం ఎక్కువగా కనిపిస్తుందని చాలా అధ్యయనాలు చెప్పిన మాట నిజమే. కానీ ఆ ఎక్కువంతా ఎప్పుడు కనిపిస్తుందో చూడాలి. రాళ్లు బయటపడ్డ మొదటి ఏడాదిలో, రెండో ఏడాదిలో గుమికూడి ఉంటుంది, ఆ తరవాత పలచబడుతుంది. రాళ్లే కారణమైతే ఏళ్లు గడిచేకొద్దీ పెరగాలి కదా! అంటే చాలాసార్లు కథ తలకిందులుగా నడిచింది. కణితి ముందే ఉంది, దాని వల్ల వచ్చిన నొప్పికి స్కాన్ చేస్తే రాళ్లు కంటబడ్డాయి.

2022లో అమెరికాలోని బోస్టన్ వైద్యులు ఇదే విషయాన్ని లెక్కకట్టి ఒక సదస్సులో చెప్పారు. వృద్ధుల ఆరోగ్య బీమా రికార్డుల నుంచి 18 వేలమందికి పైగా క్లోమ క్యాన్సర్ రోగులను తీసుకున్నారు. క్యాన్సర్ బయటపడటానికి ముందు ఏడాదిలో వారిలో 4.7 శాతం మందికి పిత్తాశయ రాళ్ల జబ్బు నమోదైంది. క్యాన్సర్ లేనివారిలో అది 0.8 శాతమే. దాదాపు ఆరు రెట్లు. ‘రాళ్లుంటే ఆరు రెట్ల ప్రమాదం’ అని దీన్ని చదివితే పొరపాటు పడినట్లే. వారు వెనక్కి తిరిగి చూశారు, క్యాన్సర్ వచ్చినవారి గతంలోకి. నాకు ఇందులో అర్థమైంది ఒకటే. కొందరికి రాళ్ల కబురు కణితి పంపిన తొలి చీటీ. అందుకే రాయి దొరికిన రోజునే పక్కింటి తలుపు కూడా తట్టాలి.

పిత్తాశయం తీయించుకుంటే క్లోమ క్యాన్సర్ వస్తుందేమోనన్న భయానికీ జవాబు ఇదే. రాళ్లు బాధిస్తుంటే ఆ భయంతో ఆపరేషన్ మానుకోకండి. ఏ బాధా లేని రాళ్లను క్లోమ క్యాన్సర్ రాకుండా తీయించుకుంటానని కూడా పరుగెత్తకండి. అలా తీసేస్తే రక్షణ దొరుకుతుందనడానికి ఆధారం లేదు.

ఇప్పుడు రిపోర్టు తెరవండి.

మొదట పిత్తాశయం వాక్యం. రాళ్లు ఎన్ని, పెద్దది ఎంత అని ఉంటుంది. 3 సెంటీమీటర్లు దాటిన రాయి, సున్నం పేరుకున్న గోడ, 10 మిల్లీమీటర్లూ అంతకు పైబడ్డ పాలిప్ (లోపలి గోడ మీద మొలిచే చిన్న కండ), ఈ మూడూ పిత్తాశయ క్యాన్సర్ విషయంలో సర్జన్ పట్టించుకునేవి. క్లోమంతో వీటికి సంబంధం లేదు, కానీ వదిలేయదగినవి కావు. రాయికీ పాలిప్‌కూ తేడా తెరమీద చూస్తే ముచ్చటగా ఉంటుంది. రాయి తెల్లగా మెరుస్తుంది, దాని వెనక నల్లటి నీడ తోక చాచుకుని ఉంటుంది. ‘ఎడమవైపు తిరగండి’ అనగానే దొర్లి పక్కకు పోతుంది. పాలిప్‌కు నీడ ఉండదు, గోడను పట్టుకుని కదలదు. మిమ్మల్ని అటూ ఇటూ తిప్పలేదంటే ఆ స్కాన్ తొందరలో చేసినట్లే. గోడ మందం 3 మిల్లీమీటర్ల లోపు మామూలు.

తరవాత ‘సీబీడీ’ అనే మూడక్షరాలు వెతకండి. అది పైత్యరసపు పెద్ద గొట్టం. దాని వెడల్పు 6 మిల్లీమీటర్ల దాకా మామూలే. వయసు పెరిగేకొద్దీ కాస్త వదులవుతుంది, పిత్తాశయం తీసేసినవారిలో 10 దాకా ఉండవచ్చు. అంతకు మించితే కింద ఎక్కడో ఏదో అడ్డుపడిందేమో చూడాలి. అది రాయి కావచ్చు, మరొకటి కావచ్చు. ఈ గొట్టం కింది కొసలో ఉన్న రాళ్లను పట్టుకోవడంలో అల్ట్రాసౌండ్ అంత గట్టిది కాదు. పిత్తాశయంలో రాళ్లను నూటికి తొంభై అయిదు దాకా పట్టేసే యంత్రమే రెండంగుళాల కింద తడబడుతుంది.

ఆ తరవాత క్లోమం. తల, మధ్యభాగం, తోక అని మూడూ విడివిడిగా రాసి ఉంటే మంచి రిపోర్టు. క్లోమ గొట్టం 3 మిల్లీమీటర్లు దాటి ఉబ్బిందని రాస్తే, కారణం తేలేదాకా వదలకండి. పైత్యరసపు గొట్టం, క్లోమ గొట్టం రెండూ కలిసి ఉబ్బితే అది వెంటనే చూడవలసిన సంగతి. ‘అబ్‌స్క్యూర్డ్’ అని ఉంటే కప్పబడిపోయింది, కనబడలేదు అని అర్థం. బాగుందని కాదు. ఈ రెంటికీ ఉన్న తేడాను చదివేవారు మరిచిపోతారు, రాసేవాళ్లం గట్టిగా చెప్పం.

అలా రాసి ఉన్న ప్రతివారూ సీటీ స్కాన్‌కు పరుగెత్తాలా? వద్దు. గాలి అడ్డుపడటం రోజూ జరిగేదే. ముప్పై ఏళ్ల మనిషికి, బరువు తగ్గకుండా, భోజనం చేసిన గంటకో రెండు గంటలకో కుడి డొక్కలో పట్టేసినట్లు నొప్పి వచ్చిపోతుంటే రాళ్ల కథ అక్కడికి సరిపోతుంది. యాభై దాటినవారిలో కారణం తెలియకుండా బరువు తగ్గినా, కొత్తగా షుగర్ వచ్చినా, నొప్పి వీపులోకి పోతున్నా నేనైతే వదలను. నలభై దాటినవారికి క్లోమం వాచి, దానికి రాళ్లు గానీ మద్యం గానీ కారణంగా కనబడకపోయినా అంతే. అప్పుడు డాక్టరుగారిని ఇలా అడగండి: ‘స్కాన్‌లో క్లోమం మొత్తం కనబడలేదని ఉంది. నా వయసుకూ నా బాధకూ సీటీ అవసరమంటారా?’ మీకు తెలిసిన లక్షణాలన్నీ అదే ఊపిరిలో చెప్పేయండి. బెల్టు సంగతితో సహా.

అడగవలసింది క్లోమం కోసం ప్రత్యేకంగా, మందు ఎక్కించి, సన్నటి పొరలుగా తీసే సీటీ. ఆ మందు వల్ల ఇబ్బంది రావచ్చు కాబట్టి మూత్రపిండాల జబ్బు ఉంటే ముందే చెప్పాలి. ఎమ్మార్సీపీ, అంటే ఈ గొట్టాల కోసం చేసే ఎమ్మారై, గొట్టాలను చక్కగా చూపిస్తుంది, రాళ్లకు అది బాగా పనికొస్తుంది. ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ అయితే గొట్టాన్ని నోటి ద్వారా జీర్ణకోశంలోకి పంపి, క్లోమానికి ఆనుకునే ఉన్న గోడ మీంచి చూస్తారు. 2 సెంటీమీటర్ల లోపు గడ్డలను పట్టుకోవడంలో దానికి సాటి వచ్చేది లేదు, అవసరమైతే సూదితో ముక్క కూడా తీయవచ్చు. కానీ అది మొదటి పరీక్ష కాదు.

నొప్పిని డాక్టరు ముందు ఎలా చెప్పాలో కొంచెం సాధన చేయాలి. ‘గ్యాస్ నొప్పి’ అని మీరే పేరు పెట్టేసి వెళితే గ్యాస్ మందే వస్తుంది. ఒక కాగితం మీద వారం రోజులు రాయండి. ఎన్ని గంటలకు మొదలైంది, ఎంతసేపు ఉంది, తిన్న తరవాతా తినకముందా, ఎటు పాకింది, ఏ భంగిమలో హాయిగా ఉంది. రాయి నొప్పి పెద్ద భోజనం తరవాత, తరచుగా రాత్రిపూట మొదలై, అరగంట నుంచి కొన్ని గంటల దాకా ఒకే తీరున పట్టి ఉంచి, ఆ తరవాత పూర్తిగా వదిలేస్తుంది. కుడి భుజపు రెక్కలోకి పాకవచ్చు. మధ్యలో రోజుల తరబడి మనిషి మామూలుగా ఉంటాడు. క్లోమం నొప్పి అలా సెలవు తీసుకోదు. తొలిచినట్లు వీపులోకి పోతుంది, వెల్లకిలా పడుకుంటే పెరుగుతుంది, ముందుకు వంగి కూర్చుంటే కాస్త తగ్గుతుంది. రాత్రి మంచం మీద కూర్చుని మోకాళ్ల మీదికి వంగి నిద్రపోయేవారిని చూశాను. అది అడిగితే తప్ప చెప్పరు.

కామెర్లు మాత్రం కాగితం మీద రాసుకుంటూ కూర్చునే విషయం కాదు. కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారడం, మలం బంకమట్టిలా పాలిపోవడం, ఒళ్లంతా దురద, వీటిలో ఏది కనిపించినా ఒకటి రెండు రోజుల్లో డాక్టరును చూడాలి. చలిజ్వరం కూడా ఉంటే ఆ రోజే, ఆసుపత్రికే. మలం జిడ్డుగా నీటి మీద తేలుతూ, కడిగినా పోకుండా ఉంటే అదీ చెప్పండి. క్లోమం రసాలు పేగుకు చేరడం లేదేమో. నొప్పి లేని కామెర్లను చూసి ‘నొప్పి లేదు కదా’ అని ఊరడిల్లేవారున్నారు. నేను ఎక్కువగా కంగారుపడేది వాటికే. స్విట్జర్లాండ్ సర్జన్ కూర్వాజియే 1890లోనే ఈ సంగతి రాసిపెట్టాడు. కామెర్లున్న మనిషిలో నొప్పి లేకుండా ఉబ్బిన పిత్తాశయం చేతికి తగిలితే దానికి రాళ్లు కారణం కావడం అరుదు. రాళ్లతో ఏళ్ల తరబడి ఒరుసుకున్న సంచి గట్టిపడి ముడుచుకుపోతుంది కాబట్టి అంత సులువుగా ఉబ్బదు.

కొత్తగా వచ్చిన షుగర్ గురించి కొంచెం. యాభై దాటాక షుగర్ వచ్చినవారిలో మూడేళ్లలోపు క్లోమ క్యాన్సర్ బయటపడేది సుమారు నూటికి ఒకరికి. అంటే తొంభై తొమ్మిదిమందికి అది మామూలు షుగరే. షుగర్ వచ్చినప్పుడు బరువు పెరుగుతూ ఉంటే ఒకలా, ప్రయత్నించకుండానే కిలోలకు కిలోలు తగ్గుతూ ఉంటే మరొకలా ఆలోచించాలి.

రక్త పరీక్షల్లో బిలిరుబిన్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరిగితే గొట్టంలో అడ్డు ఉందేమో చూస్తారు. క్లోమం తయారు చేసే లైపేజ్ మామూలు హద్దుకు మూడు రెట్లు దాటి పెరిగి, దానికి తగిన నొప్పి కూడా ఉంటే క్లోమం వాచిందని గుర్తు. ఎవరో చెప్పారని క్లోమ క్యాన్సర్‌లో పెరిగే సీఏ 19-9 అనే పదార్థానికి రక్త పరీక్ష మీ అంతట మీరు చేయించుకోకండి. రాయి అడ్డుపడి కామెర్లు వచ్చినా అది పెరుగుతుంది. నూటికి అయిదు నుంచి పదిమందిలో అసలు ఆ పదార్థమే తయారు కాదు, వారికి క్యాన్సర్ ఉన్నా పెరగదు. పెరిగితే అనవసరంగా నిద్ర చెడుతుంది, పెరగకపోతే అనవసరమైన ధైర్యం వస్తుంది. లక్షణాలు లేనివారికి క్లోమ క్యాన్సర్ కోసం ముందస్తు పరీక్షలు వద్దని అమెరికా నిపుణుల సంఘం 2019లో మరోసారి చెప్పింది. దగ్గరి రక్తసంబంధీకుల్లో ఇద్దరికి ఈ క్యాన్సర్ వచ్చినా, కుటుంబంలో బీఆర్‌సీఏ2 వంటి జన్యులోపం తేలినా దారి వేరు. వారికి క్రమం తప్పకుండా ఎమ్మారై, ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ చేసే పద్ధతి ఉంది. కాబట్టి మీ కుటుంబంలో ఎవరికైనా వచ్చి ఉంటే ఎవరూ అడగకపోయినా చెప్పండి.

స్కాన్‌కు వచ్చేటప్పుడు ఆరు నుంచి ఎనిమిది గంటలు ఏమీ తినకుండా రండి. తింటే పిత్తాశయం ముడుచుకుపోయి రాళ్లు సరిగ్గా కనబడవు. ఆ ఉదయం పొగ తాగకండి, చూయింగ్ గమ్ నమలకండి. రెంటితోనూ గాలి మింగుతారు, ఆ గాలే నా తెరమీద మబ్బు. పాత రిపోర్టులు, ఫిల్ములు అన్నీ తెచ్చుకోండి. ‘సీబీడీ 8 మిల్లీమీటర్లు’ అన్న అంకెకు మూడేళ్ల కిందటి ‘8’ పక్కన ఉంటే ఒక అర్థం, ‘4’ ఉంటే ఇంకో అర్థం.

పిత్తాశయం తీశాక రెండు పనులు మరిచిపోకండి. తీసిన సంచిని పాథాలజీకి పంపారా అని అడిగి, ఆ రిపోర్టు వచ్చినప్పుడు తెచ్చుకుని చదివించుకోండి. రాళ్ల కోసం తీసిన సంచిలో అరుదుగా క్యాన్సర్ కనబడుతుంది, ఆ కాగితం ఎవరూ తీసుకోక సొరుగులో ఉండిపోతే ఉపయోగం లేదు. రెండోది, మునుపటి నొప్పి అలాగే ఉంటే ‘ఆపరేషన్ నొప్పిలే’ అని నెలల తరబడి సర్దుకోకండి. గొట్టంలో మిగిలిపోయిన రాయి కావచ్చు, కడుపులో పుండు కావచ్చు, ఇంకేమీ కాకపోవచ్చు కూడా. కానీ అప్పటిదాకా రాళ్ల మీద వేసిన నింద ఇప్పుడు చెల్లదు, మొదటి నుంచి చూడమని అడగాలి.

తగ్గించుకోగల ప్రమాదాల్లో పెద్దది పొగ. పొగతాగేవారికి క్లోమ క్యాన్సర్ ప్రమాదం దాదాపు రెండింతలు. ఊబకాయం రాళ్లకూ, ఈ క్యాన్సర్‌కూ రెంటికీ దారి. అలాగని వారానికి కిలోన్నరకు మించి బరువు తగ్గితే కొత్త రాళ్లు పుట్టవచ్చు, నెమ్మదిగా తగ్గాలి. మద్యం వల్ల క్లోమం మళ్లీ మళ్లీ వాస్తుంటే అదే ఏళ్ల తరవాత క్యాన్సర్‌కు చోటిస్తుంది.

కిందటి సంవత్సరం అరవై దాటిన ఒకావిడ వేరేచోట చేయించుకున్న రిపోర్టు పట్టుకుని వచ్చారు. ‘అబ్‌స్క్యూర్డ్’ అన్న మాట కింద పెన్సిలుతో రెండుసార్లు గీసి ఉంది. ‘ఇదేమిటో చూసి చెప్పండమ్మా’ అన్నారు. ఆవిడ చేత గాలి మింగకుండా స్ట్రాతో రెండు గ్లాసుల నీళ్లు తాగించాను. నీళ్లు నిండిన కడుపు మాకు కిటికీ లాంటిది. లేపి కూర్చోబెట్టి, గట్టిగా ఊపిరి పీల్చి పొట్ట ముందుకు ఉబ్బించమన్నాను. మూడోసారికి గాలి పక్కకు జరిగింది. తల, మధ్యభాగం, తోక మొదలు కనిపించాయి. క్లోమ గొట్టం 2 మిల్లీమీటర్లు. తోక చివర ఎంత ప్రయత్నించినా కనబడలేదు, కనబడలేదనే చెప్పాను. ఆవిడకు బరువు తగ్గడం గానీ, కామెర్లు గానీ, కొత్త షుగర్ గానీ లేవు. సీటీ అక్కరలేదని ఆవిడ డాక్టరూ నేనూ అనుకున్నాం. రాయి మాత్రం తిరగమన్నప్పుడల్లా ఈ మూల నుంచి ఆ మూలకు దొర్లుతూనే ఉంది. రిపోర్టు అడుగున లావు అక్షరాల్లో ముందు క్లోమం సంగతి, దాని కింద రాయి సంగతి రాసి ఇచ్చాను.